పొదగడం మరిచిన కోడి

ఏడాదికి మూడు వందల గుడ్లు పెట్టే తెల్ల లెగ్‌హార్న్ దేశానికి చవకైన మాంసకృత్తులు అందించింది. ఆ ఒక్క గుణం కోసం మనిషి దాని దగ్గర్నుంచి తీసేసుకున్నవి కూడా తక్కువేమీ కాదు.

పెరట్లో తిరిగే నాటుకోడి పన్నెండో పదిహేనో గుడ్లు పెట్టాక ఉన్నట్టుండి మారిపోతుంది. గంపలో కూర్చుంటే లేవదు. చెయ్యి దగ్గరికి తీసుకెళితే ఈకలు నిక్కబొడుచుకుని పొడుస్తుంది. మేతకు దిగేదీ అంతంతమాత్రమే. ఇరవై ఒక్క రోజులకు పిల్లల్ని వెంటేసుకుని బయటికొస్తుంది. అవి సొంతంగా గింజలు ఏరుకునే దాకా మళ్లీ గుడ్డు ఊసెత్తదు. ఏడాదికి ఇలా మూడు నాలుగు దఫాలు, అన్నీ కలిపితే యాభై అరవై గుడ్లు. అంతే.

తెల్ల లెగ్‌హార్న్‌కు ఈ గొడవేమీ లేదు. నిన్న గుడ్డు పెట్టింది, ఇవాళ పెట్టింది, రేపూ పెడుతుంది. పెట్టిన గుడ్డు వైపు తిరిగి చూడదు. దాని మీద కూర్చోవాలన్న కోరికే దానికి దాదాపుగా పుట్టదు. తరతరాలుగా పొదుగుకు కూర్చునే పెట్టల్ని ఏరి పక్కన పెడుతూ, ఆగకుండా గుడ్లు పెట్టేవాటినే విత్తనానికి ఉంచుకుంటూ వచ్చిన ఫలితమిది. అందుకే ఈ జాతి కొనసాగాలంటే ఇంక్యుబేటర్ ఉండాల్సిందే. కరెంటుతో నడిచే ఆ పెట్టె లేకపోతే కోట్ల కోళ్ల వంశం ఒక్క తరంతో ఆగిపోతుంది.

తెలుగువాళ్లకు ఈ కోడితో ఉన్న సంబంధం చిన్నదేమీ కాదు. కేంద్ర పశుసంవర్థక శాఖ లెక్కల ప్రకారం 2023-24లో దేశంలో ఉత్పత్తయిన గుడ్లు 14,277 కోట్లు. అందులో 17.85 శాతంతో ఆంధ్రప్రదేశ్‌ది మొదటి స్థానం. 12.88 శాతంతో తెలంగాణ మూడో స్థానంలో ఉంది. నడుమ తమిళనాడు. అంటే దేశంలోని ప్రతి పది గుడ్లలో మూడు తెలుగు నేల మీద పెట్టినవే. వాటిలో అత్యధికం తెల్ల గుడ్లు. ఆ తెల్ల గుడ్ల వెనక ఉన్నది లెగ్‌హార్న్ రక్తమే.

కాళ్లు చెప్పే కథ

చూడటానికి ఇది నాజూకైన కోడి. ఫారాల్లో పెరిగే పెట్ట బరువు కిలోన్నర చుట్టూ ఉంటుంది. ఒళ్లంతా తెలుపు. ఆ తెలుపు వెనక ఒక తమాషా ఉంది. ఇతర రంగుల్ని పైకి రానివ్వకుండా అణచిపెట్టే జన్యువు ఒకటి దీనిలో ఉంది. అందుకే రంగు కోడితో జత కట్టించినా పిల్లలు చాలావరకు తెల్లగానో, అక్కడక్కడా మచ్చలతోనో పుడతాయి. తల మీద పెద్ద ఎర్రటి తురాయి ఉంటుంది. పుంజుకు నిటారుగా నిలబడితే, పెట్టకు ఒక పక్కకు వాలిపోతుంది. ఒళ్లు చల్లబరచుకోవడానికి ఈ తురాయే సాధనం. కోడికి చెమట పట్టదు కాబట్టి ఒంట్లోని వేడిలో కొంత తురాయి, గడ్డం కింది తిత్తుల గుండా బయటికి పోవాలి. మధ్యధరా తీరపు ఎండలో పెరిగిన జాతికి ఇది సహజం.

చెవి తమ్మెలు తెల్లగా ఉంటాయి. తెల్ల తమ్మెల కోడి తెల్ల గుడ్డు, ఎర్ర తమ్మెల కోడి గోధుమ రంగు గుడ్డు పెడుతుందన్నది కోళ్ల పెంపకందార్లలో పాత మాట. మినహాయింపులున్నా చాలా జాతుల విషయంలో అది నిజమే. అయితే పెంకు రంగును బట్టి గుడ్డులో బలం మారదు. గోధుమ రంగు పెంకు తయారయ్యే చివరి గంటల్లో పైన పూసుకునే వర్ణకం మాత్రమే. పచ్చసొన ముదురు రంగులో ఉందంటే కోడి తిన్న దాణాలో మొక్కజొన్నో, బంతిపూల సారమో ఉందని అర్థం. 'నాటు గుడ్డు' అని చెప్పి బజారులో రంగు గుడ్డును రెట్టింపు ధరకు అమ్మేవాళ్లకు మాత్రం ఈ సంగతి తెలియకపోవడమే లాభం.

ఇక పసుపుపచ్చని కాళ్లు. వాటి చరిత్ర మన అడవుల దాకా వస్తుంది. పెంపుడు కోళ్లన్నిటికీ మూలం ఆగ్నేయాసియా వైపు తిరిగే ఎర్ర అడవికోడి అని డార్విన్ కాలం నుంచీ అనుకుంటూ వచ్చారు. 2008లో స్వీడన్ శాస్త్రవేత్తలు ప్రచురించిన జన్యు పరిశోధన దీనికి చిన్న సవరణ చేసింది. పసుపు చర్మాన్నిచ్చే జన్యువు భారత ద్వీపకల్పపు బూడిద రంగు అడవికోడి నుంచి వచ్చినట్టు తేల్చింది. ఇటలీ పేరు మోస్తున్న కోడి కాళ్లలో దక్కన్ వాసన ఉందన్నమాట.

ఆ కాళ్లు చూసే పూర్వం రైతులు పెట్ట పనితనాన్ని అంచనా వేసేవారు. గుడ్లు పెట్టే కొద్దీ ఒంట్లోని పసుపు వర్ణకం పచ్చసొనలోకి వెళ్లిపోతుంది. మొదట గుడ్డు వచ్చే ద్వారం, తర్వాత కనురెప్పల అంచు, ముక్కు, చివరికి కాళ్లు పాలిపోతాయి. నెలల తరబడి గుడ్లు పెట్టిన పెట్ట కాళ్లు తెల్లబడతాయి. ముదురు పసుపు కాళ్లతో నిగనిగలాడుతూ తిరిగే పెట్ట దాణా దండగ కింద లెక్క.

ఇరవై నాలుగు గంటల పని

ఒక గుడ్డు తయారు కావడానికి ఇరవై నాలుగు నుంచి ఇరవై ఆరు గంటలు పడుతుంది. అండాశయం నుంచి పచ్చసొన జారాక, దాని చుట్టూ తెల్లసొన చేరడానికి సుమారు మూడు గంటలు, పొరలు అల్లుకోవడానికి గంటా గంటన్నర పడుతుంది. మిగతా ఇరవై గంటల చిల్లర పెంకుకే సరిపోతుంది. గుడ్డు బయటపడిన అరగంటకు మరో పచ్చసొన జారుతుంది. నాటుకోడిలో ఈ విరామాలు సాగిపోతుంటాయి. లెగ్‌హార్న్‌లో అవి బిగువుగా ఒక రోజుకు దగ్గరగా ఉంటాయి. కాబట్టే వారాల తరబడి నాగా లేకుండా గుడ్డు పెట్టగలుగుతుంది.

ఇది ఎంత దూరం పోగలదో అమెరికాలోని మిస్సోరి విశ్వవిద్యాలయంలో తేలింది. ప్రొఫెసర్ హెరాల్డ్ బీలియర్ ఆధ్వర్యంలో 1979 ఆగస్టులో ముగిసిన అధికారిక పరీక్షలో 2988 నంబరు తెల్ల లెగ్‌హార్న్ పెట్ట 364 రోజుల్లో 371 గుడ్లు పెట్టింది. రోజుకొకటి కంటే ఎక్కువ.

ఫారం కోడి ఆ రికార్డు జోలికి పోనక్కర్లేదు. పద్దెనిమిది ఇరవై వారాల వయసులో మొదలుపెట్టి, ఏడెనిమిది వారాల్లో మంద మొత్తం నూటికి తొంభైకి పైగా గుడ్లు పెట్టే స్థితికి చేరుకుంటుంది. ఏడాదికి మూడు వందల గుడ్లు, ఒక్కోటి 55 గ్రాములు అనుకుంటే పదహారున్నర కిలోలు. అంటే తన బరువుకు పది రెట్లకు పైనే. తినేది రోజుకు 110 గ్రాముల దాణా. మొక్కజొన్న, సోయా చెక్క, తవుడు, ఖనిజ లవణాలు కలిసిన మేత అది. బరువైన జాతులు తిన్నదాంట్లో చాలా భాగం ఒళ్లు నిలబెట్టుకోవడానికే ఖర్చు చేస్తాయి. ఒళ్లు చిన్నది కావడం వల్ల లెగ్‌హార్న్‌కు ఆ ఖర్చు తక్కువ. దాణా ఖర్చే పెట్టుబడిలో సింహభాగమైన వ్యాపారంలో ఈ పొదుపు రైతుకు ప్రాణం.

దీనికి పుంజుతో పని లేదు. పుంజు ఉన్నా లేకున్నా పెట్ట గుడ్డు పెడుతూనే ఉంటుంది. బజారులో దొరికే ఫారం గుడ్డును ఎన్నాళ్లు పొదిగించినా పిల్ల రాదు. పాలు తాగేవారికి ఇలాంటి గుడ్డు తినడానికి అభ్యంతరం ఉండనక్కర్లేదని గాంధీజీ 1942లో ఆగాఖాన్ ప్యాలెస్‌లో నిర్బంధంలో ఉండగా ఆరోగ్యం మీద రాసిన చిన్న పుస్తకంలో అభిప్రాయపడ్డారు. బడి భోజనంలో గుడ్డు పెట్టాలా వద్దా అని కొన్ని రాష్ట్రాలు ఇప్పటికీ మల్లగుల్లాలు పడుతుండగా, తమిళనాడు, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఆ చర్చను ఎప్పుడో దాటేశాయి.

లివోర్నో నుంచి తణుకు దాకా

ఇటలీలోని టస్కనీ తీరంలో లివోర్నో అనే రేవుంది. ఆంగ్లేయులు దాన్ని లెగ్‌హార్న్ అని పిలిచేవారు. 19వ శతాబ్దం తొలి సగంలో అక్కడి నాటు కోళ్లు ఓడలెక్కి అమెరికా చేరాయి. రేవు పేరే కోడి పేరయింది. అక్కడి రైతులు, వ్యవసాయ కళాశాలలు వాటిని గుడ్ల కోసం సానబెట్టాయి. ఏ పెట్ట ఎన్ని పెట్టిందో తెలుసుకునేందుకు గూట్లోకి వెళితే తలుపు దానంతటదే పడిపోయే బోనులు వాడి, లెక్క రాసి మరీ ఎంపిక చేశారు.

అసలు మలుపు 1936లో వచ్చింది. హైబ్రిడ్ మొక్కజొన్న విత్తనాల వ్యాపారంలో ఆరితేరిన హెన్రీ వాలెస్ అదే సూత్రాన్ని కోళ్లకు వర్తింపజేస్తూ హైలైన్ సంస్థను ప్రారంభించారు. ఆయనే తర్వాత అమెరికా ఉపాధ్యక్షుడయ్యారు. వేర్వేరు శుద్ధ వంశాల్ని విడివిడిగా పెంచి, వాటిని కలిపి, ఆ సంకరాల్ని మళ్లీ కలిపి రైతుకు పిల్లల్ని అమ్మడం ఈ పద్ధతి. హైబ్రిడ్ పత్తి విత్తనం మాదిరే దీని బలం ఆ ఒక్క తరానికే. రైతు ఆ కోళ్లను జత కట్టించి పిల్లల్ని తీసినా తల్లి పనితనం వాటికి రాదు. ప్రతి బ్యాచ్‌కూ హేచరీ గడప తొక్కాల్సిందే.

మన దేశంలో ఈ మార్పుకు బాట వేసినవాళ్లలో మొదట చెప్పుకోవాల్సింది బండా వాసుదేవరావును. ఆయన 1971లో పుణెలో స్థాపించిన వెంకటేశ్వర హేచరీస్ నుంచి వచ్చిన బీవీ-300 రకం లెగ్‌హార్న్ సంకరమే. 1980ల నుంచి అది దేశంలోని ఫారాలను దాదాపుగా ఆక్రమించేసింది. గుడ్డు ధరను వ్యాపారులు శాసిస్తున్న రోజుల్లో, 1982లో, రైతులే రేటు ప్రకటించుకునేలా జాతీయ గుడ్ల సమన్వయ సంఘాన్ని ఏర్పాటు చేయడంలోనూ ఆయనదే చొరవ. రోజూ పొద్దున్నే 'నెక్ రేటు' ఎంతని అడగని కోళ్ల రైతు తెలుగునాట కనిపించడు. గోదావరి జిల్లాల నుంచి బయల్దేరే గుడ్ల లారీలు బెంగాల్, ఒడిశా మీదుగా ఈశాన్యం దాకా వెళతాయి.

ఫలితం అంకెల్లో ఉంది. 1950-51లో దేశమంతా కలిపి 183 కోట్ల గుడ్లు. మనిషికి ఏడాదికి ఐదు. 2023-24 నాటికి అది 103కు చేరింది. జాతీయ పోషకాహార సంస్థ సూచించే 180కి ఇంకా దూరమే అయినా, కూలి చేసుకునే ఇంట్లో పిల్లల కంచంలో గుడ్డు కనిపించడం ఈ కోడి పుణ్యమే.

తమాషా ఏమిటంటే ఇవే గోదావరి జిల్లాల్లో మరో కోడి కూడా మనిషి ఎంపికకు నిలువెత్తు సాక్ష్యంగా ఉంది. అది సంక్రాంతి బరిలో దిగే అసీల్. దాని పెట్ట ఏడాదికి ముప్ఫై, నలభై గుడ్లకు మించి పెట్టదు. కానీ కూర్చుంటే పొదిగి తీరుతుంది. గద్ద వాలితే ఎదురు తిరుగుతుంది. ఒకదానిలో పౌరుషాన్ని, మరోదానిలో గుడ్డును ఏరుకుంటూ వచ్చిందీ మనిషే. ఏరుకోనివి రెండిట్లోనూ తరిగిపోయాయి.

ఎముకల మీద అప్పు

గుడ్డు పెంకు దాదాపు పూర్తిగా సున్నమే. ఒక్కో పెంకుకు సుమారు రెండు గ్రాముల కాల్షియం కావాలి. పెట్ట ఒంట్లో ఉండే మొత్తం కాల్షియం ఇరవై గ్రాముల చిల్లర. ఏడాదికి మూడు వందల గుడ్లంటే తన అస్థిపంజరంలో ఉన్నదానికి ముప్ఫై రెట్ల సున్నాన్ని అది బయటికి పంపుతోందన్నమాట. చాలావరకు దాణా నుంచే వస్తుంది. కానీ పెంకు ఎక్కువగా తయారయ్యేది రాత్రిపూట, కోడి మేత ముట్టని వేళ. అప్పుడు ఎముకల లోపల దాచుకున్న నిల్వ నుంచి అప్పు తీసుకుంటుంది. సాయంత్రం మేతలో సున్నపురాతి నూక, నత్తగుల్లల ముక్కలు కలిపేది ఇందుకే. కందనకాయలో నిదానంగా కరుగుతూ అవి తెల్లవారే దాకా ఆదుకుంటాయి. అప్పు తీరకుండా పేరుకుపోతే ఎముకలు గుల్లబారతాయి. బోనులో కోడి కాళ్ల మీద నిలబడలేక కూలబడుతుంది. రొమ్ము ఎముక విరగడం లేయర్ కోళ్లలో ప్రపంచమంతటా ఉన్న సమస్య.

వేసవి మరో పరీక్ష. మధ్యధరా జాతి అయినా నలభై డిగ్రీలు దాటే కోస్తా, తెలంగాణ ఎండకు అది నోరు తెరిచి రొప్పుతుంది. రొప్పే కొద్దీ రక్తంలోని బొగ్గుపులుసు వాయువు బయటికి పోతుంది. పెంకుకు కావాల్సిన కార్బొనేట్ దాని నుంచే తయారవ్వాలి. అందుకే ఏప్రిల్, మే నెలల్లో పెంకులు పల్చబడి ట్రేల్లోనే చిట్లుతాయి. రైతులు షెడ్డు కప్పుల మీద నీళ్లు చల్లి, ఫాగర్లు పెట్టి, మేతను తెల్లవారుజాముకు మార్చి నెట్టుకొస్తారు.

స్వభావమూ అంతే సున్నితం. లెగ్‌హార్న్ బెదురు కోడి. కొత్త మనిషి కనిపించినా, టపాసు పేలినా మంద మొత్తం ఉలిక్కిపడుతుంది. నేల మీద పెంచితే ఒక మూలకు చేరి ఒకదానిమీదొకటి పడి ఊపిరాడక చచ్చిపోతాయి. ఇరుకులో ఒకదాన్నొకటి పొడుచుకుంటాయి. అందుకే పిల్లలుగా ఉన్నప్పుడే ముక్కు కొసలు కాల్చి కత్తిరిస్తారు.

అన్నిటికంటే చేదు నిజం హేచరీలో ఉంది. పొదిగిన పిల్లల్లో సగం పుంజులే. అవి గుడ్డు పెట్టవు. మాంసానికీ పనికిరావు. బ్రాయిలర్ పిల్ల ఆరు వారాల్లో రెండు కిలోలు తూగితే, లెగ్‌హార్న్ పుంజుపిల్ల అర కిలో దగ్గరే ఉంటుంది. కాబట్టి పుట్టిన రోజునే వాటిని వేరుచేసి చాలావరకు చంపేస్తారు. సంతల్లో గులాబీ, ఆకుపచ్చ రంగులు అద్ది అమ్మే పిల్లల్లో చాలా వరకు ఇవే. జర్మనీ 2022 నుంచి ఈ చంపుడును నిషేధించింది. మరుసటి ఏడాది ఫ్రాన్స్ ఆ దారి పట్టింది. గుడ్డులో ఉండగానే ఆడో మగో కనిపెట్టే యంత్రాలు అక్కడ వాడుకలోకి వచ్చాయి.

బోనుల సంగతి అంతకంటే పాత వివాదం. ఒక్కో కోడికి 450 చదరపు సెంటీమీటర్ల చోటు అన్నది మన ఫారాల్లో చాలాకాలం చెల్లిన కొలత. ఈ పత్రిక పుటంత కూడా ఉండదు. రెక్క చాపడానికి కూడా చాలని చోటది. యూరప్ 2012 జనవరి నుంచి ఇలాంటి వట్టి బోనులకు స్వస్తి చెప్పింది. మన లా కమిషన్ 2017లో తన 269వ నివేదికను లేయర్, బ్రాయిలర్ కోళ్ల పెంపకానికే కేటాయించి ముసాయిదా నియమాలు సూచించింది. కిక్కిరిసిన పెంపకంలో జబ్బు పడితే ఎలా ఉంటుందో 2006లో మహారాష్ట్రలోని నవాపూర్, 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాలు బర్డ్‌ఫ్లూ రూపంలో చవిచూశాయి. వేల కోళ్లను పూడ్చిపెట్టాల్సి వచ్చింది. ఒకే తరహా రక్తం ఉన్న మందలు కావడం ఆందోళనను పెంచేదే. వాణిజ్య కోళ్ల వంశాల్లో పూర్వజాతుల జన్యు వైవిధ్యంలో సగానికి పైగా కనిపించడం లేదని 2008లో వెలువడిన అంతర్జాతీయ అధ్యయనం హెచ్చరించింది.

ఏది ఏరుకుంటే అది

అయితే ఈ కోడి తలరాత మార్చలేనిదేమీ కాదు. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో విలియం మ్యూర్ చేసిన ప్రయోగం అందుకు రుజువు. అప్పటిదాకా ఉన్న పద్ధతి, మందలో అన్నిటికంటే ఎక్కువ గుడ్లు పెట్టిన పెట్టను ఏరుకోవడం. చిక్కేమిటంటే అలాంటి పెట్ట పక్కవాటిని పొడిచి, వాటి మేత కూడా తానే తిని గొప్పదై ఉండవచ్చు. మ్యూర్ ఒంటరి పెట్టను చూడటం మానేసి, ఒకే బోనులో ఉండే తోబుట్టువులన్నీ కలిపి ఎంత బాగా ఉన్నాయో చూసి ఆ బోనునే ఏరుకున్నారు. ముక్కులు కత్తిరించలేదు. 1996లో ప్రకటించిన ఫలితాలు ఆశ్చర్యపరిచాయి. రెండో తరంలో ఏడాదికి 68 శాతం కోళ్లు చనిపోగా, నాలుగో తరానికి ఆ సంఖ్య 8.8 శాతానికి పడిపోయింది. గుడ్లు తగ్గలేదు సరికదా రెట్టింపుకు మించి పెరిగాయి. నెమ్మదస్తురాలైన కోడి కావాలనుకుంటే దొరుకుతుందని, అందుకు గుడ్డును వదులుకోనక్కర్లేదని తేలింది.

హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో ఉన్న కోళ్ల పరిశోధన కేంద్రం మరో దారి చూపింది. పెరట్లో తిరిగి, గింజా పురుగూ ఏరుకుని, నాటుకోడిలా రంగురంగుల్లో ఉంటూనే దానికి రెండు మూడు రెట్లు గుడ్లు పెట్టే వనరాజ, గ్రామప్రియ రకాలను రూపొందించి పల్లెలకు అందించింది. లెగ్‌హార్న్‌తో అవి పోటీ పడలేవు. పడాల్సిన పనీ లేదు. దాణా కొనలేని, షెడ్డు కట్టలేని ఇంటికి అవి చాలు.

ప్రపంచంలోని పెద్ద పెంపకం సంస్థలు ఇప్పుడు వంద వారాలకు ఐదు వందల గుడ్లు లక్ష్యంగా పెట్టుకున్నాయి. అన్నాళ్లు పెట్టాలంటే ఎముక గట్టిగా ఉండాలి, పెంకు చిట్లకూడదు, కోడి స్థిమితంగా ఉండాలి. లాభం కోసమైనా సరే, శతాబ్దంన్నరగా పట్టించుకోని గుణాల వైపు చూడక తప్పని స్థితి వచ్చింది. బోను పెంచినా, పుంజుపిల్లను చంపకుండా మానినా గుడ్డు మీద కొంత భారం పడుతుంది. పైసల తేడాతో లాభనష్టాలు తారుమారయ్యే రైతు ఆ భారాన్ని ఒక్కడే మోయలేడు. గుడ్డు తినేవాళ్లు, బడి పిల్లల కోసం కోట్ల సంఖ్యలో కొనే ప్రభుత్వాలు అందులో ఎంత పంచుకుంటాయన్నదాన్ని బట్టే రేపటి తెల్ల కోడి ఎలా ఉంటుందో తేలుతుంది.